ఇల్లు చూడటం నాకు బాగా వచ్చు

ఇల్లు కొనడం రాకపోవచ్చు గానీ, చూడటం మాత్రం నాకు బాగా వచ్చు. ఈ విద్యలో మొదటి పాఠం గోడను కొట్టడం. చూపుడువేలు మడిచి, కణుపుతో టకటకా రెండు దెబ్బలు వేసి, చెవి కాస్త దగ్గరకు జరిపి "ఊఁ" అనాలి. గట్టి గోడ ఎలా మోగుతుందో, డొల్ల గోడ ఎలా మోగుతుందో నాకీ రోజుకీ తెలియదు. కానీ నేను "ఊఁ" అన్నప్పుడల్లా ఇల్లమ్మే ఆయన ముఖం కాస్త పాలిపోయేది. ఆ సుఖం కోసమే కొట్టేవాణ్ణి. రెండో పాఠం పైకి చూడటం. "స్లాబు ఎంత మందం?" అని అడగాలి. "అయిదంగుళాలు సార్" అంటారు. "అయిదేనా?" అనాలి. వాళ్ళు నాలుగన్నా ఆరన్నా మన ఆశ్చర్యం మారకూడదు.

నిజానికి నేను గోడకు మేకు కొట్టాలన్నా పక్క పోర్షన్ కుర్రాణ్ణి బతిమాలుకునే మనిషిని. ఉద్యోగమంతా ఫైళ్ళ మధ్య, కాపురమంతా అద్దె ఇళ్ళలో గడిచిపోయింది. రిటైరయ్యేలోగా సొంత ఇల్లు ఉండి తీరాలని మా ఆవిడ తీర్మానించిన రాత్రే నేను సివిల్ ఇంజనీరునైపోయాను. భుజాన సంచీ, సంచీలో టేపు, టార్చిలైటు, ఇత్తడి దిక్సూచి. "ఫోన్లోనే కంపాస్ ఉంటుంది నాన్నా" అన్నాడు మావాడు. ఫోన్లో చూస్తే ఎవరూ లెక్కచేయరనీ, ఇత్తడి డబ్బా తీస్తే కుర్చీ వేస్తారనీ వాడికేం తెలుసు?

హైదరాబాదులో పడమటి వైపు మా డబ్బుకు ఇంటి గేటు కూడా రాదు. అందుకని తూర్పుకు తిరిగి దండం పెట్టుకున్నాం. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి, కాస్త పైకి పోతే నాగారం, దమ్మాయిగూడ. నూట యాభై గజాల లోపు స్థలం, అందులో చిన్న ఇల్లు, తులసికోటకు చోటు, సంపులో నీళ్ళు. మా కోరికలు ఇంతే. అపార్టుమెంటు ఎందుకు వద్దో చెబుతూ, మనిషికి కాళ్ళ కింద సొంత నేల ఉండాలని బంధువులకు ఉపన్యాసం ఇచ్చాను. అసలు సంగతేమిటంటే, లిఫ్టులో ఎదురుపడినవాళ్ళతో ఏం మాట్లాడాలో నాకు తెలియదు.

మాకు దొరికిన ఏజెంటు కుర్రాడు మంచి మాటకారి. ఉన్నదాని గురించి ఎప్పుడూ మాట్లాడడు, రాబోయేదాని గురించే చెబుతాడు. "ఫ్లైఓవర్ పడ్డదనుకోండ్రి సార్, ఉప్పల్ పది నిమిషాలు" అనేవాడు. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని మొదలైంది 2018లో. ఆ దారిన దుమ్ము మింగినవాళ్ళకు దాని కథ నేను చెప్పనక్కర్లేదు. "మంజీరా కనెక్షన్ వస్తది సార్" అనేవాడు. ఈ వైపుకు వచ్చేవి కృష్ణా నీళ్ళో గోదావరి నీళ్ళో గానీ, హైదరాబాదులో కుళాయి నీళ్ళన్నిటినీ మంజీరా అనడమే అలవాటు. "ముంగట అరవై ఫీట్ల రోడ్డు వస్తది" అనేవాడు. వచ్చేవన్నీ వచ్చేసినట్టే లెక్కేసుకుని, ధర చవకేనని నేను గంభీరంగా తలాడించేవాణ్ణి. మా ఆవిడ మాత్రం "వచ్చేవి వచ్చినప్పుడు చూద్దాం నాయనా, ఇప్పుడేమున్నాయో చెప్పు" అనేది. కుర్రాడు ఆవిడకు జవాబు చెప్పకుండా నావైపు తిరిగేవాడు. మా ఇద్దరిలో తేలిగ్గా పడేదెవరో మొదటిరోజే పసిగట్టేశాడు.

వాస్తు మీద నాకు నమ్మకం లేదు. దానివల్ల వచ్చే తగ్గింపు మీద ఉంది. నైరుతిలో సంపు కనిపిస్తే పెద్దగా నిట్టూర్చి, ఓనరు ఏమైనా తగ్గుతాడేమోనని ఓరకంట చూసేవాణ్ణి. రోడ్డు నేరుగా వచ్చి గుమ్మానికి గుద్దుకునే ఇంటి ముందు నిలబడి "వీధిపోటు కదయ్యా ఇది" అన్నాను. "ఇది మంచి పోటు సార్, ఈశాన్యం పోటు. మస్తు కలిసొస్తది" అన్నాడు కుర్రాడు. తేల్చేద్దామని దిక్సూచి తీశాను. నేను నిలబడ్డది ఇనప గేటు పక్కన. సూది కాసేపు ఊగి, గేటు వైపు మొగ్గి, అక్కడే స్థిరపడింది. గేటుకు ఇటు నిలబడితే ఒక ఉత్తరం, అటు నిలబడితే ఇంకో ఉత్తరం. ఆ ఇంటికి ఈశాన్యం ఎటో ఆఖరికి మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.

కాగితాల దగ్గర మాత్రం నన్ను మించినవాడు లేడు. ముప్ఫై ఏళ్ళ ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించాను. లింకు డాక్యుమెంట్లు రాత్రిళ్ళు భోజనమయ్యాక సీరియల్ నవలలా చదివాను. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. కోర్టులో నడుస్తున్న దావా, అన్నదమ్ముల పంపకం తగవు, నోటరీ కాగితం మీద రాసుకున్న అమ్మకం అందులో కనిపించవు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఒక ఈసీని ఫొటో తీసి, "టైటిల్ క్లీన్" అని రాసి బంధువుల గ్రూపులో పెట్టాను. మా బావమరిది వెంటనే ఫోన్ చేశాడు. "బావా, అమ్మేవాళ్ళ డాక్యుమెంటులో ఒక సర్వే నంబరుంది, దాని వెనక లింకులో ఇంకోటుంది, చూశావా?" అన్నాడు. "చూశాను. నువ్వు కనిపెడతావో లేదోనని ఊరుకున్నా" అన్నాను. ఆ రాత్రి భోజనమయ్యాక ఏమీ చదవలేదు.

ఒక ఇంటికి పడమటి హద్దు 25 అడుగుల రోడ్డని డాక్యుమెంటులో ఉంది. టేపు పెడితే పదిహేడే తేలింది. మిగతా ఎనిమిదడుగులూ రెండువైపుల ఇళ్ళవాళ్ళ మెట్లు, కారు ర్యాంపులు, మందార మొక్కలు పంచుకున్నాయి. వంగి కొలుస్తున్న నన్ను చూసి వీధివాళ్ళు మున్సిపాలిటీ మనిషిననుకున్నారు. ర్యాంపు పెద్దగా ఉన్న ఇంటావిడ గ్లాసెడు మజ్జిగ తెచ్చిచ్చింది. కాదని చెప్పే ఓపిక లేక తాగేసి, ర్యాంపు వైపోసారి చూసి "ఊఁ" అన్నాను. ఇంకో గ్లాసు తెచ్చింది.

2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అన్న మాటలు పాలప్యాకెట్లు వేసే పిల్లాడి నోట కూడా వినపడుతున్నాయి. నేనెందుకు వెనకబడాలి? 2012 నాటి 168 జీవో ప్రకారం పది హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువైతే నిండు నీటి హద్దు (అదే ఎఫ్‌టీఎల్) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటైతే 9 మీటర్లు కట్టడాలు లేకుండా బఫర్‌గా వదలాలని ఒక ఇంటి వరండాలో కుర్రాడికి పాఠం అప్పజెప్పి, "మరి ఈ ఇల్లు ఎఫ్‌టీఎల్లా, బఫరా?" అని గద్దించాను. "అసలు చెరువే లేదు కద సార్, ఇగ బఫర్ యాడికెల్లి వస్తది?" అన్నాడు. ఆ తర్కం నాకు నచ్చింది. ఇంటికొచ్చాక మా ఆవిడ హెచ్‌ఎండీఏ వాళ్ళు వెబ్‌సైటులో పెట్టిన చెరువుల పటాలు తెరిపించింది. మేము కుర్చీలు వేయించుకుని టీ తాగిన వరండా బఫర్‌లో కూడా లేదు, నడి కుంటలో ఉంది.

నేను ఇళ్ళు చూస్తుంటే మా ఆవిడ వీధులు చూసేది. ఇంట్లోకి రమ్మంటే వచ్చేది కాదు. మూల మీద కిరాణా కొట్టుకు వెళ్ళి పావుకిలో చింతపండు కొని, పొట్లం కట్టేలోగా ఆ కాలనీ చరిత్రంతా తెలుసుకునేది. ఆ ఏడాది మా ఇంట్లో చింతపండు కొరత రాలేదు.

ఒక ఇంట్లో హాలు గోడలకు కింద మూడడుగుల మేర మాత్రమే కొత్త రంగు వేసి ఉంది. "ఇదేంటండీ, ఇక్కడి వరకే వేశారు?" అంది. "డబుల్ కలర్. ఇప్పుడదే ఫ్యాషన్" అన్నాను. ఆ వీధిలో ప్రతి గేటు దగ్గరా ఒకటిన్నర అడుగుల అడ్డుగోడ కట్టి ఉంటే, ముచ్చటగా అరుగులు కట్టుకున్నారని మెచ్చుకున్నవాణ్ణీ నేనే. మా ఆవిడ చింతపండుకు వెళ్ళొచ్చింది. 2020 అక్టోబరు వానలకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో కొట్టాయన షట్టరు మీద వేలు పెట్టి చూపించాడట. "నడుం దాంక వచ్చినయమ్మా. ఫ్రిజ్జు తేలుకుంట పోయింది" అన్నాడట. కొత్త రంగు సరిగ్గా ఆ ఎత్తుకే ఉంది.

నాగారం వైపు ఒక ఇల్లు నాకు తెగ నచ్చింది. ఉదయం పది గంటలు, నీరెండ, వేపచెట్టు. డాబా మీద నిలబడి ఛాతీ నిండా గాలి పీల్చి, "ఈ గాలికే ఇవ్వచ్చు డబ్బు" అన్నాను. "రాత్రి భోజనాల వేళ మళ్ళీ వద్దాం" అంది. వచ్చాం. ఊరి చెత్తంతా చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు అక్కడికి ఎంత దూరమో ఏ పటమూ చూడకుండానే తెలిసింది. కుర్రాడు కూడా మాతోపాటే ముక్కు మూసుకుని, "ఇయ్యాల గాలి ఇటు మళ్ళింది సార్" అన్నాడు.

చివరికి కుదిరిన ఇంట్లో రెండు గదులు, ఒక హాలు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు బయట ఉండాల్సిన వంటిల్లు ఉన్నాయి. నేను నాలుగు గోడలూ కొట్టి అన్నిటికీ "ఊఁ" అన్నాను. మా ఆవిడ అటూ ఇటూ ఉన్న రెండిళ్ళ తలుపులూ కొట్టి, బోరు ఎండాకాలం ఆగుతుందా, ట్యాంకరు ఎన్నాళ్ళకోసారి వస్తుంది, ఇల్లెందుకు అమ్ముతున్నారు అని అడిగి వచ్చింది. బ్యాంకు పంపిన వాల్యూయరు గోడను ముట్టుకోనే లేదు. స్లాబు అడుగున తుప్పు మరకలున్నాయా, దూలం స్తంభం కలిసే చోట బీటలున్నాయా చూసి, కొలతలు తీసుకుని, "పర్మిషన్ ఎన్ని ఫ్లోర్లకుంది సార్?" అని నన్నడిగాడు. "ఊఁ" అన్నాను. మా ఆవిడ ప్లాను కాగితం తీసిచ్చింది.

బేరం ఎనభై లక్షల దగ్గర తెగింది. 30 నుంచి 75 లక్షల దాకా అప్పయితే విలువలో 80 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదు. అంటే 64 లక్షలు. మిగతా పదహారూ కూడబెట్టామని మీసం తిప్పాను. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం, అంటే ఇంకో ఆరు లక్షలు. ఆ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. మీసం దింపి మా బావమరిదికి ఫోన్ చేశాను. ఒక్క సంతోషం మిగిలింది. ఆస్తి విలువ యాభై లక్షలూ ఆపైన అయితే కొనేవాడే ఒక శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. జన్మంతా నా జీతంలో పట్టుకోవడమే గానీ, నేను ఇంకొకళ్ళ దగ్గర పట్టుకోవడం అదే మొదలు. ఎనభై వేలు కోసేటప్పుడు చెయ్యి వణికింది, ఆనందంతో.

బేరం నడిచింది ఆషాఢంలో. వీధి చివర ఫంక్షన్ హాలు ధ్యానమందిరంలా ఉంది. "ఎంత ప్రశాంతంగా ఉందో చూడు" అన్నాను. "శ్రావణం రానివ్వండి" అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటే ఓనరు దగ్గర కూడా అని, నా వాస్తు నిట్టూర్పులన్నీ కలిసి తగ్గించలేని రెండు లక్షలు తగ్గించి ఎనభైకి తెచ్చింది. శ్రావణంలో రిజిస్ట్రేషన్ అయింది. ఆ రోజు సాయంత్రమే బ్యాండు మోగింది. ఇప్పుడు పెళ్ళి ముహూర్తాల రాత్రుళ్ళు బరాత్ మా కిటికీ కిందనుంచే వెళుతుంది.

మా వీధిలో ఇంకో ఇల్లు అమ్మకానికుంది. చూడాలనుకుంటే ఒకసారి వానలో, ఒకసారి చీకటిపడ్డాక రండి. కాగితాలు మంచి లాయరుకివ్వండి. మా ఇంటికి కూడా వచ్చి అడగండి, కానీ మా ఆవిడనే అడగండి. నన్నడిగితే కాలనీ చాలా ప్రశాంతమని, అరవై అడుగుల రోడ్డు వస్తుందని చెబుతాను. ఇక్కడ రేటు పడిపోతే నష్టం నాకే కదా!