బేరిజమ్మకు ఈ-పాస్

కొండ శనివారం పూట లావవుతుందని నాకు 2025లో తెలిసింది.

ఆ ఏటి వేసవికి మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీరూ చదివే ఉంటారు. ఈ-పాస్ ఇచ్చేది కొడైకెనాల్‌కు మామూలు రోజుల్లో 4,000 బండ్లకే, శని ఆదివారాల్లో 6,000. నీలగిరికి 6,000, 8,000. ఏప్రిల్ 1 నుంచి జూన్ ఆఖరు దాకా. (ఏప్రిల్ 1 ముహూర్తం ఎవరు పెట్టారని నన్నడక్కండి.) న్యాయమూర్తులను నేనేమీ అనను. ఏలేవాళ్ళు కట్టాల్సిన లెక్క వాళ్ళ నెత్తిన పడింది. కొండ ఎంత బరువు మోయగలదో ఐఐటీ మద్రాసు, ఐఐఎం బెంగళూరు అప్పటికి బేరీజు వేస్తున్నాయి, అది తేలేదాకా ఆ సర్దుబాటు. నా సందేహం చిన్నది. శుక్రవారం నాలుగు వేలకే ఆయాసపడే కొండకు, తెల్లారేసరికి ఇంకో రెండు వేలు మోసే సత్తువ ఎక్కణ్ణించి వస్తుంది? రాత్రి రాగి సంగటి తిని పడుకుంటుందా?

సరే, కొండకూ వారాంతం ఉందన్నమాట. వారాంతం ఉన్న ప్రాణికి షికారు ఉండొద్దూ? అందుకే బేరిజం సరస్సు పేరు మీద నేనే ఒక ఈ-పాస్‌కు దరఖాస్తు పెట్టాను. కిందికి దిగడానికి.

కొడై ఊరి నడుమ నక్షత్రంలా ఉండే సరస్సు వేరు. అది 1863లో లెవింజ్ దొర కట్టించింది. పడవలూ గుర్రాలూ చాక్లెట్ కొట్లూ అన్నీ దానికే. బేరిజం అక్కణ్ణించి ఇరవై కిలోమీటర్ల పైన, అడవి లోపల ఉంటుంది. అటవీశాఖ చీటీ లేందే గేటు ఎత్తరు. దారిలో ఏనుగులున్నాయంటే ఆ చీటీ కూడా ఇవ్వరు. ఇన్ని తిప్పలు పడి వెళ్ళినవాళ్ళు చేసేది ఒకటే. నీళ్ళకు వీపు తిప్పి నిలబడి, ఫోను పైకెత్తి, వెనక్కి వచ్చేస్తారు.

దరఖాస్తు ఇలా నింపాను. ఎక్కడి నుంచి? పళని కొండలు. ఎక్కడికి? మా ఊరు చెట్టికరై, ధర్మపురి జిల్లా. ఏ బండి? బండి లేదు, పారుకుంటూ వస్తుంది. ఎందరు? ఒక్కతే, చేపలు ఒళ్ళో కూర్చుంటాయి. పని ఏమిటి? ఫొటోలు తీసుకోవడం. ఆ ఆఖరి జవాబు చూసి ఎవరికీ అనుమానం రాలేదు. ఓటీపీ నా ఫోనుకు వచ్చింది, పాసూ వచ్చింది. శనివారం కోటాలో.

వత్తలగుండు మలుపులు దిగి, దిండిగల్, కరూర్, నామక్కల్, సేలం మీదుగా బయల్దేరింది బేరిజమ్మ. టోల్‌గేటులో ఫాస్టాగ్ లేదని రెట్టింపు గుంజారు. తొప్పూరు ఘాట్‌లో బ్రేకులు పట్టని లారీలు ఎదురొస్తుంటే కొండవార ఒదిగి ఒదిగి ఎక్కింది. తెల్లారేసరికి మా గట్టు మీద కూర్చుని ఉంది. మా ఊరి పేరులోనే కరై ఉంది, అంటే గట్టు. గట్టు ఉంది. గట్టుకు ఇవతల ఏముందని మాత్రం అడక్కండి, సర్కారు తుమ్మ ఏపుగా ఉంది.

"అబ్బ, ఎంత సహజంగా ఉందో!" అంది. పట్నం వాళ్ళు తనను చూసి అనే మాటే.

కెమెరా తెచ్చుకోలేదు. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ తలకిందులుగా ఫొటో తీయడం సరస్సుల వంశాచారం. తీసినదాన్ని దాచుకోదు, ఎవరికీ పంపదు, లైకులు అడగదు. ఆ ఒక్కటీ తప్పిస్తే యాత్రికుల ధర్మాలన్నీ పొల్లుపోకుండా పాటించింది. చింతచెట్టు కింద కూర్చున్న పెద్దాయన్ని "కాస్త పక్కకు జరగండి, వెలుతురుకు అడ్డం" అంది. కుళాయి దగ్గర వరసగా పెట్టిన ప్లాస్టిక్ బిందెలు చూసి, ఎరుపూ నీలమూ పసుపూ ఎంత ముచ్చటగా ఉన్నాయోనని మురిసింది. ఆ బిందెలు పొద్దున్నే అలా ఎందుకు బారులు తీరాయని అడగలేదు. షికారుకొచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నా అది? మనం అక్కడ పారేసొచ్చే చిప్స్ కవర్లకు జవాబుగా, దోసెడు పాచి ఇక్కడ పారేసింది.

ఆదివారం మధ్యాహ్నం మా అక్క కొడుకు వచ్చాడు. ఇక్కడే ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో మూడో ఏడు చదువుతున్నాడు. పోయిన నెలే స్నేహితులతో బేరిజం చూసొచ్చాడు.

"మామా, నన్ను కూడా ఒకటి తియ్యమను" అని గట్టు మీద నిలబడ్డాడు.

"నవ్వు నాయనా" అంది బేరిజమ్మ.

వాడు పెదాలు బిగించి నవ్వాడు.

నా వేళాకోళం ఇక్కడితో చాలిస్తాను. వాడు నోరు తెరిచి నవ్వగా నేను చూసి చాలా ఏళ్ళయింది. ముందు పళ్ళ మీద గోధుమరంగు అడ్డచారలు. నీళ్ళలోని ఫ్లోరైడు పట్టించిన గార. నల్లగొండ వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. మా జిల్లా బోర్లలో ఎన్నిటికో ఆ గీత ఉన్నట్టే తెలియదు. హొగేనకల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పథకానికి 2008లో రాయి వేశారు. 1,928 కోట్ల పథకం. దాని పేరులోనే ఫ్లోరోసిస్ అన్న మాట ఉంది, కాబట్టి రోగం ఏదో తెలియక ఆలస్యమైందని ఎవరూ అనలేరు. నీళ్ళు వదిలింది 2013లో. మావాడు పుట్టింది 2004లో. పళ్ళ మీద పింగాణీ ఎనిమిదేళ్ళ లోపే కట్టేస్తుంది. ఆ తర్వాత గంగే దిగివచ్చినా లోపలి చార పోదు. కావేరి వచ్చేనాటికి వాడికి తొమ్మిది.

కొండ ఎన్ని కార్లు మోస్తుందో తేల్చడానికి రెండు పెద్ద విద్యాలయాలు కదిలాయి. కదలనీ, కొండ బతకాలి. కానీ పిల్లవాడి పన్ను ఎంత ఫ్లోరైడు మోస్తుందో ఏ ఐఐటీ కొత్తగా తేల్చక్కర్లేదు, ఎప్పుడో తేలిపోయింది. తేలిన లెక్కకు ఈ జిల్లాలో ఇన్నేళ్ళు ఏ గడువూ ఎవరూ పెట్టలేదేం? సరస్సంటే మనకు వెనక నిలబడే తెరగుడ్డ అయిపోయింది. ఆ బేరిజం నీళ్ళే కింద పెరియకుళం ఊరు తాగుతుంది. పాసూ గీసూ లేకుండా రోజూ దిగివస్తాయి. ఆరువేల బండ్లలో ఆ సంగతి ఎరిగినవాళ్ళు ఎందరుంటారు?

మావాడి ఫోనులో బేరిజం ఫొటోలు నలభై దాకా ఉన్నాయి. అన్నీ చూశాను. నీళ్ళు, నీళ్ళలో మబ్బు, అవతలి ఒడ్డున పైన్ చెట్లు, ఇవతల భుజాల మీద చేతులేసుకుని నలుగురు కుర్రాళ్ళు. నలుగురూ ఈ జిల్లాలో పుట్టినవాళ్ళే. నలభైలో ఒక్కదాంట్లోనూ ఒక్కడి పన్నూ కనపడలేదు.