ఉట్నూర్ ఇప్పచెట్టు చెప్పుకున్న కథ

మాఘం దాటితే నా ఆకులు రాలతాయి. ఆ బోడి కొమ్మలకే గుత్తులుగా మొగ్గ పడుతుంది. పువ్వు రాత్రి విచ్చి, తెల్లవారుజామున రాలుతుంది. కోడి కూయకముందే గోండు గూడెం ఆడవాళ్లు గంపలతో వస్తారు. వాళ్లకంటే ముందే ఎలుగుబంటి తిని పోయిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు ఉట్నూరులో నా పువ్వుతో లడ్డూలు కూడా చుడుతున్నారు.

ఎండలు ముదిరాక కాయ పండుతుంది. లోపలి గింజే ఇప్ప పరక. ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టి పిండితే నూనె. కూరకూ దీపానికీ పగిలిన మడమలకూ అదే. చలికాలం నెయ్యిలా పేరుకుంటే అవ్వలు పొయ్యి పక్కన పెట్టి కరిగిస్తారు.

ఒకనాడు ఆశ్రమ పాఠశాల పిల్ల నా నీడన కూర్చుని, నేల అడుగున దొరికే ఇంకో నూనె గురించి పైకి చదివింది. అమెరికాలోని అలాస్కా ఉత్తరాన బ్రూక్స్ పర్వతాలకూ బ్యూఫోర్ట్ సముద్రానికీ నడుమ సుమారు 15 లక్షల ఎకరాల మంచు మైదానం ఉందట. అడుగున చమురు. పైన, వేసవి రాగానే ఈనడానికి వచ్చే క్యారిబూ జింకల మందలు. ఆ జింకల మీద బతికే గ్విచిన్ జనానికి అది పవిత్రమైన చోటు, తవ్వొద్దంటారు. ఆ మైదానం 1960లో రక్షణలోకి వచ్చిన అభయారణ్యంలో భాగం. దాన్ని చమురు లీజులకు తెరుస్తూ 2017లో అమెరికా చట్టం చేసింది. 1984, 85లలో చమురు జాడ వెతికిన బండ్ల చాళ్లు దశాబ్దాలు గడిచినా చెరగలేదట. అక్కడ పిల్ల చదవడం ఆపింది.

నా పక్కనా అలాంటి గుర్తులున్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండు ఇప్పచెట్లు పోయాయి. వాటి కింద ఏరుకునే అవ్వ ఇప్పుడు నా దగ్గరికి వస్తుంది. నా కింద ఏరేవాళ్లు ముందునుంచీ ఉన్నారు కదా, ఆమె గంప సగమే నిండుతుంది. గ్విచిన్ల మాట ఈ అడవికి కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కొమురం భీం ప్రాణమిచ్చింది నీళ్లకూ అడవికీ నేలకూ.

నా నూనె కోసం నేల తవ్వక్కర్లేదు. రాలింది ఏరుకుంటే వచ్చే ఏడు మళ్లీ ఇస్తాను.

ఒక్క బాధ ఉంది. పువ్వు కనబడాలని నా కింది ఎండుటాకులకు నిప్పు పెడతారు. పరక మొలిచి లేచిన నా పిల్లలు అందులో మాడిపోతాయి. ఒక్కోసారి అడవే అంటుకుంటుంది. అమ్మా, ఈ ఏడు ఆకులు కాల్చకండి. ఊడ్చి, పాత చీర పరిచి ఏరుకోండి.