గోడమీది వాక్యానికి టీక

మూలం: రేపటి నుంచి బాగా చదవాలి.

ఐదో తరగతి గ్రంథమిది. పాత క్యాలెండరు వెనక స్కెచ్ పెన్నుతో రాసి, నాలుగు మూలలా అన్నం మెతుకులు మెత్తి గోడకంటించినది. ఇక టీక. ‘రేపు’ అనగా ఆదివారం రాసినప్పుడు సోమవారం, సోమవారం చూసినప్పుడు మంగళవారం. కాగితం కదలదు గాని అర్థం రోజుకొక అడుగు జరుగుతుంది. ‘బాగా’ అవ్యయం, అనగా వ్యయం లేనిది. ఈ మాటకు పైసా ఖర్చు కాదు. ‘చదవాలి’ సకర్మక క్రియ. కర్మ మాత్రం మూలంలో లేదు. పరీక్షనాడు ఆ లోటును కర్మే తీరుస్తుందని కొందరి మతం. కర్త సంగతీ అంతే. ‘చదవాలి’లో నేను, నువ్వు, వాడు ఎవరైనా ఇమిడిపోతారు గనుక, చేతిరాత కొడుకుదైనా వాక్యం నాన్నగారిదే అయివుండవచ్చు. తాత్పర్యం: బద్ధకం పిల్లవాడిది కాదు, వాక్యానిది.

దీనికి ప్రమాణముంది. 1981లో ఆల్బర్ట్ బాండూరా, డేల్ షంక్ అనే మనస్తత్వవేత్తలు, తీసివేతలు రాక లెక్కలంటేనే మొహం చాటేసే చిన్నపిల్లలకు 42 పేజీల అభ్యాసాలిచ్చారు. ఒక జట్టుకు పూటకు కనీసం ఆరు పేజీలు చెయ్యమన్నారు. ఇంకో జట్టుకు ఏడు పూటల్లో మొత్తం ముగించమన్నారు. ఆరు ఏడులు నలభై రెండని ఎక్కం వచ్చినవారికి రెండూ ఒకటే. పిల్లలకు కాలేదు. పూటకు ఆరన్న జట్టుకే తీసివేతలు బాగా వచ్చాయి, ధైర్యం పెరిగింది. తరవాత ఇష్టమొచ్చింది చేసుకోమంటే ఎక్కువగా తీసివేతలు పట్టుకున్నదీ వాళ్లే. దూరపు గురి పెట్టుకున్నవాళ్లు, ఏ గురీ లేనివాళ్లకంటే మెరుగైన జాడ లేదు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: చిన్న గురి పెడితే చిన్నవాడిగానే మిగులుతాడు, ఐఐటీ ర్యాంకు ఇప్పటినుంచే కళ్లముందు ఉండవద్దా? ఉండనివ్వండి. కాని ర్యాంకు తక్కినవాళ్లు ఎలా రాశారన్నదాన్నిబట్టి వచ్చేది, సాయంత్రం పుస్తకం ముందు కూర్చున్నవాడికి ఏ పేజీ తెరవాలో అది చెప్పదు. రెండో ఆక్షేపణ గట్టిది. పేజీలు లెక్కపెడితే పేజీలే తిరుగుతాయి, లెక్క రాదు. నిజమే, ఈ వ్యాఖ్యాత ఇక్కడ ఒక మెట్టు దిగక తప్పదు. అందుచేత గురిని పేజీల్లో కాక చేతనయ్యే పనిలో చెప్పాలి. 402లోంచి 157 తీసేస్తే 245 వచ్చిందనుకోండి; 245కి 157 కలిపి మళ్లీ 402 వస్తే సరి. దానికి నాన్నగారి సంతకం అక్కర్లేదు.

కనుక సవరించిన పాఠం: ‘ఇవాళ అన్నం తినేలోపు అప్పు తెచ్చుకునే తీసివేతలు ఐదు చేసి, కూడి సరిచూసుకుంటాను.’ చివరి ‘ను’ గమనించండి, కర్త దొరికాడు. ఇది పిల్లవాడే పలకమీద రాయాలి, మెతుకులతో అంటించరాదు. రేపు తుడిచి వేరే రాయవలసివుంటుంది.