ఒక వాట్సాప్ వాక్యానికి టీకాతాత్పర్యాలు

మూలం: "సార్, పాణ్యంలో మా మామిడిచెట్టు మీద బీ ఆర్కిడ్ పూసింది, చూడండి."

అవతారిక: ఫోటో వెంట వచ్చిన వాక్యం. రాత్రి భోజనాల వేళ, మామతో వాదం నడుమ పంపినది.

ప్రతిపదార్థం: సార్ = ఓ సర్వజ్ఞుడా (వెక్కిరింత ధ్వని); పాణ్యంలో = ఎర్రమల దాపున, కర్నూలు–నంద్యాల దారి మీది ఊరిలో; మా = కౌలుకు తీసుకున్నదే అయినా మాదైన; మామిడిచెట్టు మీద = కొమ్మను పట్టుకొని (వాదం ఈ మాటతోనే కూలింది, కర్తకు తెలియదు); బీ ఆర్కిడ్ = తేనెటీగను పోలిన పూవు; పూసింది = నిజమే; చూడండి = ఒప్పుకోండి.

విశేషం: బీ ఆర్కిడ్, అనగా ఆఫ్రిస్ ఎపిఫెరా, మధ్యధరా తీరాల గడ్డినేలల్లో మట్టిలో దుంప పెట్టుకొని బతికేది. చెట్టెక్కదు. మూడు గులాబీ రేకుల నడుమ గోధుమరంగు మఖమల్ పెదవి, దాని మీద పసుపు గీతలు. ఒంటరిగా బతికే తేనెటీగల్లో మగది, ఆడదనుకొని వాలి, తలకు పుప్పొడి ముద్దలు అంటించుకొని పోతుందని శాస్త్రం. తీరా చూస్తే చాలాచోట్ల ఇది తేనెటీగ కోసం కాచుకోనే కాచుకోదు. ముద్దలే వంగి కీలాగ్రానికి తగులుతాయి. మరి ఇంత వేషమెందుకో! ఆఫ్రిస్‌లో జాతులు పదే అనే అద్వైతులూ, మూడొందలు దాటాయనే ద్వైతులూ యూరప్‌లో ఇంకా తగవు తెంచుకోలేదు.

సిద్ధాంతం: ఫోటోలోది వదనిక, వాండా టెస్సెలాటా. బూడిదరంగు లావు వేళ్లు కొమ్మను చుట్టుకున్నాయి. నీళ్లు చిలకరిస్తే పచ్చబడతాయి. పట్టీల్లాంటి ఆకులు రెండు వరసల్లో ఉన్నాయి. పసుపుపచ్చ రేకుల నిండా గోధుమ గళ్లు, పెదవి ఊదా. ఆ గళ్లను బట్టే రాక్స్‌బరో 1795లో, కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో, దీన్ని ఎపిడెండ్రం టెస్సెలాటం అన్నాడు. మన సామర్లకోటలో తోట వేసిన దొరే ఆయన.

శంక: ఇదీ బదనికే గదా, చెట్టును పీల్చదా?

సమాధానం: పీల్చదు. బదనిక కొమ్మలోకి వేరు దించి రసం లాగుతుంది. వదనిక పైపైన పట్టుకొని వాననీటితో గడుపుకుంటుంది. అద్దె కట్టదు గానీ ఇంటివాళ్ల అన్నం గిన్నెలో చెయ్యి పెట్టదు.

తాత్పర్యం: ఓ సారూ, ఇది సముద్రాలు దాటి వచ్చిన పూవని చెప్పి, మా మామ ముందర నా పరువు నిలబెట్టుము.

పరిశిష్టం: ఈ వ్యాఖ్య పంపగానే ఇంకో వాక్యం వచ్చింది: "అయితే పీకి కుండీలో పెట్టుకోవచ్చునా సార్?" దీనికి టీక అక్కరలేదు. పీకొద్దప్పా, కొమ్మ మీదనే ఉండనీ.