అడగని రెండోవైపు: ఒక టూ ఇన్ వన్ ఆత్మకథ

నేను టూ ఇన్ వన్‌ని. రేడియో, టేప్ రికార్డరు ఒకే ఒంట్లో ఉన్నదాన్ని. అందులోనూ నాకు కేసెట్లు పెట్టే గదులు రెండు. ఎడమ గదిలో మోగుతున్న పాటని కుడి గదిలోని ఖాళీ కేసెట్‌లోకి ఎక్కించడం నా అసలు పని. ఒకరికి నచ్చినదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం కోసమే నేను పుట్టానని ఇప్పటికీ నమ్ముతాను.

పుట్టింది జపాన్‌లో. ఆ ఫ్యాక్టరీ సంగతులు పెద్దగా చెప్పుకోదగ్గవి కావు. నా ఒళ్లోకి వచ్చే కేసెట్‌కి మాత్రం చరిత్ర ఉంది. ఫిలిప్స్ కంపెనీలో లూ ఒటెన్స్ అనే ఇంజనీరు, ఆయన బృందం కలిసి తయారుచేసిన ఆ చిన్న డబ్బాని 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో తొలిసారి లోకానికి చూపించారు. అందులో టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నా హెడ్డుని రాసుకుంటూ వెళ్తుంది. ఆ కాస్త మేరలోనే ఎడమ స్పీకరు పాట, కుడి స్పీకరు పాట, తిప్పి పెడితే రెండోవైపు పాట, అన్నీ ఇమిడిపోతాయి.

1984లో నన్ను కువైట్ నుంచి అమలాపురం దగ్గరి ఒక ఊరికి ఆ ఇంటి పెద్దబ్బాయి తెచ్చాడు. ఆ రోజుల్లో కోనసీమలో గల్ఫ్ నుంచి ఎవరైనా దిగారంటే, వాళ్లు తెచ్చిన టూ ఇన్ వన్‌ని చూడ్డానికి వీధి వీధంతా వచ్చేది. హాల్లో గూట్లో పెట్టి, అమ్మగారు స్వయంగా అల్లిన లేసు గుడ్డ కప్పారు. పొద్దున్నే ఆవిడ ఘంటసాల భగవద్గీత పెట్టుకునేవారు. ఆ కేసెట్ అయ్యేదాకా ఇంట్లో ఇంకెవరూ నా జోలికి రాకూడదు. ఘంటసాల 1974 ఫిబ్రవరిలోనే వెళ్లిపోయారు. అయినా ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఆయన గొంతే.

పెద్దబ్బాయి సెలవయిపోయి వెళ్లాక నేను చిన్నబ్బాయి చేతికి వచ్చాను. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేవాడు. శనివారం సాయంత్రానికి సంచీనిండా కేసెట్లతో దిగేవాడు. అతనే ఒక లెక్క కట్టాడు. సి-90 కేసెట్ ఒక్కోవైపు 45 నిమిషాలు వస్తుంది. ఎల్పీ రికార్డులు చాలావరకు రెండు వైపులా కలిపి నలభై నిమిషాల చిల్లర ఉంటాయి. అంటే కేసెట్‌కి ఒక్కోవైపు ఒక్కో ఆల్బం పూర్తిగా పడుతుంది. ఆ లెక్క మీదే అతను ఒక నియమం పెట్టుకున్నాడు. ఎవరొచ్చి ఏ ఆల్బం అడిగినా, అడిగింది ఒకవైపు ఎక్కించేవాడు. రెండోవైపు వాళ్లు అడగనిది, పేరైనా విననిది ఎక్కించేవాడు.

ఒకసారి అతని స్నేహితుడు 'థ్రిల్లర్' కోసం వచ్చాడు. 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ ఆల్బం అది. క్విన్సీ జోన్స్ నిర్మాత, మొత్తం తొమ్మిది పాటలు. 1984లో మైకేల్ జాక్సన్ ఒక్క రాత్రే ఎనిమిది గ్రామీలు అందుకున్నాక కాలేజీ హాస్టళ్లలో ఎక్కడ విన్నా అదే.

"రెండోవైపు ఖాళీగా వదిలెయ్‌రా, సినిమా పాటలు ఎక్కించుకుంటాను" అన్నాడా స్నేహితుడు.

"నువ్వెక్కించుకునేవి నీకెలాగూ తెలిసినవే కదరా. ఒక్కసారి ఇది విను. నచ్చకపోతే చెరిపేసుకో."

ఆ 'ఇది' పేరు 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'. 1967లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ కలిసి చేసిన ఆల్బం. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి గడిపే ఒక్క రోజే అందులో కథ. తెల్లవారుజామున అహిర్ భైరవ్‌తో మొదలై, ఏ పూటకి ఆ పూట రాగంతో నడిచి, రాత్రికి పహాడీలో విశ్రమిస్తుంది. మధ్యలోంచి ఒక ముక్క తీసి వింటే మంచి సంగీతమే విన్నట్టు. మొదట్నుంచీ వింటే ఒక పూర్తి రోజు బతికినట్టు. ఆల్బం అనేదాన్ని ఎందుకు వరసలో వినాలో నాకు అర్థమైంది అప్పుడే.

కొన్నాళ్లకి ఆ స్నేహితుడు కేసెట్ పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఎవరిదో పాత ప్లేయరు టేపుని నమిలేసిందట. చిన్నబ్బాయి కిటికీ దగ్గర కూర్చుని, నలిగినంత మేరా బ్లేడుతో కోసి, రెండు కొసలూ ఎదురెదురుగా ఆనించి, వెనకవైపు సన్నగా కత్తిరించిన సెల్లోటేపు అంటించాడు. చక్రంలో పెన్సిలు దూర్చి, వదులు పోయేదాకా మెల్లిగా తిప్పాడు. పహాడీలోనూ, అవతలివైపు 'థ్రిల్లర్'లోనూ రెప్పపాటు సంగీతం పోయింది. మిగతాదంతా దక్కింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "సంతూర్ ఆయనవి ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాడు స్నేహితుడు. మైకేల్ జాక్సన్ కోసం వచ్చిన మనిషి! నా జీవితంలో నేను గర్వపడిన మాట అదే.

కువైట్‌లో పెద్దబ్బాయితో ఒకే గదిలో గోవా అతను ఒకడు ఉండేవాడు. జాజ్ అంటే ప్రాణం. ఊరికి వచ్చేవాళ్ల చేత అతను పంపిన కేసెట్లలో ఒకటి మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959లో న్యూయార్క్‌లో రెండంటే రెండు రోజుల్లో రికార్డు చేశారు. సాక్సఫోన్ వాయించిన జాన్ కోల్ట్రేన్‌కి గానీ, పియానో ముందు కూర్చున్న బిల్ ఎవాన్స్‌కి గానీ డేవిస్ పూర్తి స్వరరచనేదీ ఇవ్వలేదు. ఫలానా స్వరాల వరస, దాన్ని పట్టుకుని మీ ఊహ కొద్దీ వాయించండి అని వదిలేశాడు.

దానికి బదులుగా మా ఇంటినుంచి 'శంకరాభరణం' వెళ్లింది. 1980 నాటి ఆ సినిమా పాటలకి కె.వి. మహదేవన్‌కీ, బాలసుబ్రహ్మణ్యానికీ, వాణీ జయరాంకీ ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. తెలుగు ముక్క రాకపోయినా ఆ గోవా అతను వాణీ జయరాం గొంతునీ, జానకి గొంతునీ విడివిడిగా గుర్తుపడుతున్నాడని పెద్దబ్బాయి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని నా పక్కనే నిలబడి పైకి చదివారు.

పక్క వీధిలో వయొలిన్ మాస్టారు ఉండేవారు. ఆయన ద్వారం వెంకటస్వామినాయుడు గారి కచేరీ అడిగితే, చిన్నబ్బాయి రెండోవైపు 'కైండ్ ఆఫ్ బ్లూ' ఎక్కించాడు. వారం తిరక్కుండానే మాస్టారు వయొలిన్‌తో సహా వచ్చేశారు.

"ఒరేయ్ అబ్బాయ్, మొదటిదాంట్లో వీళ్లు వాయిస్తున్నది మన ఖరహరప్రియ స్వరాలేరా! గమకం లేదు గానీ ఎంత నిదానం! మధ్యలో స్వరాలన్నిటినీ ఎత్తి ఒక్క అరమెట్టు పైకి జరుపుతున్నారు, మళ్లీ కిందికి దింపుతున్నారు. బాగుంది. కానీ నీ మిషను స్పీడు ఎక్కువైపోయింది. శ్రుతి పెట్టెకి కలవట్లేదు."

"అవునాండి మాస్టారూ? రేపే మెకానిక్‌కి చూపిస్తానండి."

చూపించాడు. మెకానిక్ నా వెనక మూత విప్పి, మోటారు చిల్లులో స్క్రూడ్రైవరు పెట్టి వేగం తగ్గించాడు. దాంతో మిగతా కేసెట్లన్నీ నీరసంగా మూలిగాయి. మళ్లీ పెంచాడు. నెలరోజులపాటు నేను తిన్న నిందలు అన్నీ ఇన్నీ కావు. తప్పు నాది కాదని 1992లో గానీ లోకానికి తేలలేదు. 1959 మార్చి 2న ఆ స్టూడియోలో ఒక టేపు యంత్రం కాస్త నెమ్మదిగా నడిచిందట. నెమ్మదిగా నడిచిన టేపుని అసలు వేగంతో మోగిస్తే శ్రుతి పెరుగుతుంది. అలా ఎల్పీ మొదటివైపు మూడు రచనలూ మూడు దశాబ్దాలకు పైగా హెచ్చు శ్రుతిలోనే ప్రపంచమంతా తిరిగాయి. అదే రోజు సరైన వేగంతో నడిచిన రెండో యంత్రం టేపుని బయటికి తీసి, 1992లో సరిచేసి విడుదల చేశారు. కోనసీమ మాస్టారి చెవి ఎప్పుడో పట్టేసిన సంగతి అది. ఆయన్ని తలుచుకుంటే నాకు కోపం రాదు, గౌరవమే.

మాస్టారు బాకీ ఉంచుకునే మనిషి కారు. తర్వాతి వారం ఒక కేసెట్ తెచ్చి, "ఇది మీ కాలేజీ పిల్లలకివ్వు. అవతలి పాయ దాటితే పాలకొల్లు, ఆ ఊరి కుర్రాడే" అన్నారు. మాండలిన్ శ్రీనివాస్. 1969లో పుట్టి, తొమ్మిదేళ్లకే గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేసినవాడు. కర్ణాటక సంగీతానికి పనికిరాదనుకున్న వాద్యంలో గమకాలు పలికించినవాడు. చిన్నబ్బాయి ఆ కేసెట్‌కి రెండోవైపు జాన్ మెక్‌లాక్లిన్ 'శక్తి' బృందాన్ని ఎక్కించాడు. గిటార్, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం కలిసి చేసిన కచేరీ, 1976లో ఆల్బంగా వచ్చింది. ఒకవైపు పట్టదు గనుక మొదటి పెద్ద రచన, దాని వెనక చిన్నది మాత్రమే ఎక్కించాడు. ఏళ్లు గడిచాక ఆ మెక్‌లాక్లిన్, జాకిర్ హుస్సేన్‌లే 'రిమెంబర్ శక్తి'లో పాలకొల్లు శ్రీనివాస్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వాయించారు. మా కేసెట్‌లో ఎప్పుడో వీపు వీపు ఆనించుకుని ఉన్న రెండు వైపులూ నిజంగానే ఒక వేదికెక్కాయి. 2014లో, నలభై అయిదేళ్లకే శ్రీనివాస్ వెళ్లిపోయాడు.

ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' వచ్చింది 1986లో. త్యాగరాజుకీ, బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చిన వాద్య సంగీతం. ఆ ఒక్కదానికి మాత్రం రెండోవైపు ఏం పెట్టాలో చిన్నబ్బాయికి తోచలేదు. రెండు వైపులూ అందులోనే ఉన్నాయి మరి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ రోజునుంచి నాలో పాట ఆగిపోయింది. రేడియో మాత్రమే. వార్తల వేళకి ఇంటిల్లిపాదీ నా ముందు కూర్చునేవారు. దాదాపు 1,70,000 మంది భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో వెనక్కి తెచ్చారు. పెద్దబ్బాయి ఒక్క చేతిసంచీతో ఇల్లు చేరాడు. అమ్మగారు మర్నాడు పొద్దున్న గీత పెట్టారు.

తర్వాత సీడీలొచ్చాయి, ఎంపీత్రీలొచ్చాయి. కొత్తది రావడం నాకు బాధ కాదు, నేనూ ఒకప్పుడు గ్రామఫోన్ని పక్కకి నెట్టి వచ్చినదాన్నే. బాధంతా నన్ను పక్కన పెట్టిన తీరు. అటక ఎక్కించేటప్పుడు నా కడుపులోని సెల్స్ తియ్యాలని ఎవరికీ తోచలేదు. అవి ఉబ్బి, కారి, స్ప్రింగుల్నీ పలకల్నీ పచ్చగా తినేశాయి. వానాకాలం తేమకి రబ్బరు బెల్టు కరిగి జిగురులా మోటారుకి అంటుకుపోయింది. దసరా సెలవులకొచ్చిన పిల్లలు ఏరియల్ని విరిచి కత్తి యుద్ధం చేశారు. ఒకడు స్పీకరు విప్పి అయస్కాంతం పట్టుకుపోయాడు. అమ్మగారు పోయాక ఆవిడ గీత కేసెట్‌ని కూడా నా పక్కనే పడేశారు. డబ్బా లేదు, మూత లేదు. టేపు మీద తెల్లగా బూజు పట్టడం రోజూ చూస్తూ ఉండిపోయాను. ఆవిడ చేతి లేసు గుడ్డ నా మీద నుంచి ఎప్పుడు తీసేశారో, దేన్ని తుడిచారో తెలియదు.

ఇల్లు అమ్మేటప్పుడు చిన్నబ్బాయి వచ్చాడు. జుట్టు నెరిసింది. "ఇదింకా ఉందా!" అన్నాడు. నా మీద చెయ్యి వేశాడు. ఈలోగా వీధిలో పాత సామాన్ల బండి మైకు వినిపించింది. తూకానికి వేసేశారు. నా కుడి గదిలో ఇరుక్కుపోయిన కేసెట్‌ని తెరిచి చూసినవాళ్లు లేరు.

ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో విరిగిన కుర్చీల పక్కన ఉన్నాను. ఇక్కడ వైర్లని కాల్చి రాగి తీస్తారు. నాకు అతుకులు వేసిన సీసం మట్టిలోకి పోతుంది. పాత ఎలక్ట్రానిక్ సామాన్ల కోసం దేశంలో 2012 నుంచే నిబంధనలు అమల్లో ఉన్నాయి, సేకరణ కేంద్రాలూ ఉన్నాయి. నాలాంటివాటిని ఇనుముతో కలిపి తూకానికి వెయ్యకండి. వేసేముందు కనీసం లోపలి కేసెట్ తీసి చూడండి.

ఈ కొట్టులో పనిచేసే కుర్రాడి జేబులో ఫోనుంది. నేను జీవితకాలంలో మొయ్యలేనన్ని పాటలు అందులో ఉన్నాయి. కానీ రోజంతా ఒకే తరహా పాటలు వస్తాయి. నిన్న ఏది నచ్చితే ఇవాళ అలాంటివే ఇంకో పది అందిస్తుంది ఆ ఫోను. అడగనిది ఇచ్చే మనిషి దాంట్లో లేడు. మైకేల్ జాక్సన్ కోసం వచ్చినవాడికి సంతూర్ ఇవ్వాలన్నా, వయొలిన్ మాస్టారికి జాజ్ వినిపించాలన్నా, ఎదుటి మనిషి మీద నమ్మకం ఉన్న ఇంకో మనిషి కావాలి.

ఆ మనిషి మీరే కావచ్చు. మీకు ప్రాణమైన ఆల్బం ఒకటి ఎంచుకోండి. అలాంటి సంగీతం ఎప్పుడూ వినని వాళ్లకి ఇవ్వండి. పేరు చెప్పి ఊరుకోకండి, మొదటి పాటనుంచి చివరి పాటదాకా పక్కన కూర్చుని వినిపించండి. వాళ్లు తిరిగి ఇచ్చింది, మీకు అలవాటు లేనిదైనా సరే, అంతే ఓపికతో వినండి.