వీసా అక్కర్లేని పుస్తకం

నేనొక పాస్‌పోర్టుని. బ్రిటిష్ పాస్‌పోర్టుని. నీలి అట్ట, దాని మీద బంగారు రంగులో సింహం, ఒంటికొమ్ము గుర్రం, లోపల 34 పుటలు, పొట్టలో ఓ చిప్పు. 1988 నుంచీ మా పెద్దలంతా ముదురెరుపు అట్టల్లో బతికారు. యూరప్‌తో తెగతెంపులయ్యాక 2020లో మా దేశం మళ్లీ పాత నీలం రంగుకి వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆత్మగౌరవానికి గుర్తుగా తెచ్చుకున్న ఆ నీలి పుస్తకాలు తయారయ్యేది పోలండ్‌లో. అయినా గర్వానికేం తక్కువ? అది పుట్టుకతోనే వచ్చింది.

2021లో మా ఆసామి చేతికొచ్చాను. ఆయనది తెనాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద 2013లో లండన్ వచ్చి, అయిదేళ్లకి శాశ్వత నివాసం, ఆ తర్వాత పౌరసత్వం సంపాదించుకున్నారు. కవరు చింపి నన్ను బయటికి తీసి, కొత్త పుస్తకం వాసన చూసి, "ఇంక వీసాల గోల వదిలిందోయ్" అన్నారు భార్యతో. నాకదే మంత్రోపదేశం.

నన్ను పెట్టిన బీరువా సొరుగులో అప్పటికే ఒక పెద్దాయన పడుకుని ఉన్నారు. ఆసామి పాత భారతీయ పాస్‌పోర్టు. మూల కత్తిరించి, రద్దు ముద్ర కొట్టేశారు. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కదా, నా రాకతో ఆయన పని అయిపోయింది. ఆయన అట్టా నీలమే. అయినా నాకు ఆయనంటే చిన్నచూపు.

"అబ్బాయ్, నాలో అమెరికా వీసా ఉంది, చూశావా?" అనేవారు. "2012లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఇంటర్వ్యూ. అంతకు కొన్నేళ్ల ముందు దాకా మన వాళ్లు మద్రాసు రైలెక్కాల్సిందే. మనవాడు ముందు చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేశాడు, వీసా వచ్చాక 108. మర్నాడు మంచం దిగలేదు."

నేను నవ్వేవాణ్ని. నాకెందుకు ప్రదక్షిణలు? అమెరికా 1986లో చేసిన చట్టం ప్రకారం కొన్ని దేశాల వాళ్లు 90 రోజుల దాకా వీసా లేకుండా వెళ్లిరావచ్చు. 1988లో ఆ జాబితాలో మొట్టమొదట చేరింది బ్రిటనే. ఇప్పుడు నలభై పైచిలుకు దేశాలున్నాయి, ఇండియా లేదు. 2009 నుంచి మాత్రం విమానమెక్కే ముందు ఆన్‌లైన్‌లో 'ఎస్టా' అనే అనుమతి తీసుకోవాలి. 2022లో ఆసామి సోఫాలో కూర్చుని, టీ తాగుతూ ఫారం నింపి 21 డాలర్లు కట్టారు. మర్నాటికి అనుమతి వచ్చింది. డల్లాస్‌లో చెల్లెలింట్లో పది రోజులుండి వచ్చాం. "చూశారా?" అన్నాను పెద్దాయనతో. ఆయన మాట్లాడలేదు.

2023 ఫిబ్రవరిలో ఆఫీసు మిత్రులు నలుగురూ క్యూబా అన్నారు. అమ్మాయికి పరీక్షలు, అమ్మగారు కదల్లేదు. మాడ్రిడ్ మీదుగా హవానా వెళ్లాం. సముద్రం ఒడ్డున మలెకాన్ రోడ్డు, 1950ల నాటి షెవర్లే కార్లు, వాటికి గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు. ఎయిర్‌పోర్టులో నా పుట మీద చిన్న ముద్ర పడింది. ఇంకో దేశం తిరిగొచ్చానని మురిసిపోయాను. ఆ ముద్ర ఖరీదు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

2024 చివర్లో డల్లాస్ నుంచి ఫోను. "అన్నయ్యా, పిల్ల పెళ్లి కుదిరింది. శ్రావణంలో ముహూర్తం. బుట్ట నువ్వే ఎత్తాలి, ఇప్పట్నించే నడుం జాగ్రత్త." మేనమామ లేందే పెళ్లికూతురి బుట్ట లేవదు. ఆసామికి ఆ ఒక్కగానొక్క మేనకోడలంటే ప్రాణం.

సంక్రాంతి ముందే ముగ్గురి ఎస్టాలూ పూర్తిచేద్దామని కూర్చున్నారు. భార్యవి, కూతురివి నిమిషాల్లో అయిపోయాయి. తనది నింపుతుంటే ఒక ప్రశ్న దగ్గర వేలు ఆగింది. 2021 జనవరి 12 తర్వాత క్యూబాలో ఉన్నారా?

అప్పుడు చదివారు అసలు సంగతి. 2015 చివర్లో అమెరికా ఇంకో చట్టం చేసింది. ఇరాన్, ఇరాక్, సూడాన్, సిరియాలకు 2011 మార్చి మొదలు ఎప్పుడు వెళ్లొచ్చిన వాళ్లకైనా, చట్టం చెప్పిన కొద్ది మినహాయింపులు తప్ప, వీసా లేని ప్రయాణం లేదు. తర్వాత లిబియా, సొమాలియా, యెమెన్, ఉత్తర కొరియా చేరాయి. 2021 జనవరి 12న క్యూబాని ఉగ్రవాదాన్ని పోషించే దేశాల జాబితాలో మళ్లీ పెట్టారు. ఆ తేదీ తర్వాత అక్కడికి సెలవుకి వెళ్లినా అంతే. టిక్కెట్లు కొనిపెట్టిన ఏజెంటు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పలేదని ఆయన్ననడం దేనికి, ఆసామీ అడగలేదు.

సరిగ్గా సంక్రాంతి నాడు, జనవరి 14న, క్యూబాని ఆ జాబితాలోంచి తీసేస్తున్నట్టు బైడెన్ ప్రభుత్వం ప్రకటించింది. మా ఇంట్లో అరిసెలు ఇంకో రెండు ఎక్కువ ఖర్చయ్యాయి. ఆరు రోజులు. 20న ట్రంప్ ప్రమాణ స్వీకారం చేసిన రోజే ఆ నిర్ణయం రద్దయింది. అరిసెలు అరగకముందే ఆశ అరిగిపోయింది.

ఫిబ్రవరిలో ఒక మిత్రుడు భోజనానికొచ్చి సలహా పడేశాడు. "లేదు అని నొక్కెయ్ బాస్. ముద్ర గురించా నీ భయం? పాస్‌పోర్టు పోయిందని చెప్పి కొత్తది తెచ్చుకో." సొరుగులో నాకు చెమటలు పట్టాయి. పోవడమంటే ఏమిటి? నన్నేం చేస్తారు? చెత్తబుట్టలోనా, థేమ్స్‌లోనా? పక్కన పెద్దాయన మాత్రం నిబ్బరంగా ఉన్నారు. "మనవాడు అబద్ధమాడడురా. పైగా వాళ్లడిగింది ముద్ర గురించి కాదు, మనిషి గురించి. పుస్తకం మారితే మనిషి మారతాడా?"

ఆసామి కూడా ఆ మాటే అన్నారు, ఇంకో రకంగా. "అబద్ధం చెప్పి దొరికితే జన్మలో మళ్లీ ఆ గడప తొక్కనివ్వరు. దానికంటే కాదనిపించుకోవడమే నయం." అవునని నొక్కారు. అనుమతి లేదని వచ్చింది. 4 డాలర్లు పోయాయి. అప్పీలు లేదు. వెళ్లాలంటే వీసాకి దరఖాస్తు చేసుకోండి అన్నది దాని సారాంశం.

ఆ రాత్రి నా పరిస్థితి చెప్పలేను. అట్ట తెరవగానే ఉంది, ఈ పుస్తకం పట్టుకున్నవారిని అడ్డంకి లేకుండా పోనివ్వమని రాణిగారి పేరు మీద విన్నపం. అదే నా అహంకారం. సిగ్గు విడిచి పెద్దాయన్ని అడిగాను, "మీలో అలాంటిది ఉండదు కదా?" ఆయన మెల్లగా పుట తిప్పారు. భారత రాష్ట్రపతి పేరు మీద, ఇంచుమించు అవే మాటలు. "ఇది అర్జీరా అబ్బాయ్, ఆజ్ఞ కాదు. ప్రతి పాస్‌పోర్టూ అర్జీయే. కొందరి అర్జీ చదవకుండా సంతకం పెడతారు, కొందరిది చదివి పెడతారు. నీది ఇప్పుడు చదువుతామంటున్నారు, అంతే."

ఇక డీఎస్-160 అనే ఫారం. రెండు రాత్రులు పట్టింది. అయిదేళ్లలో తిరిగిన దేశాలు, చేసిన ఉద్యోగాలు, వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు. ఎస్టా ఎప్పుడైనా నిరాకరించారా అనే ప్రశ్న కూడా ఉంది. అవునని రాసి, కారణం ఒక్క వాక్యంలో చెప్పారు. 20 నిమిషాలు ముట్టుకోకపోతే ఆ పేజీ మూసుకుపోతుంది. ఆసామి చెల్లెలితో ఫోన్లో పెళ్లి భోజనాల లెక్కలు మాట్లాడి వచ్చేసరికి రెండుసార్లు మూసుకుపోయింది. కళ్లజోడు తీసి దిగిన ఫొటో, తిరిగిరాని 185 డాలర్ల రుసుము. మే నెలలో ఇంటర్వ్యూ తేదీ దొరికింది.

బయల్దేరే రోజు పొద్దున్న అమ్మగారు నవ్వుతూ అన్నారు, "ఏవండీ, లండన్‌లో చిలుకూరు లేదు. హాల్లో టేబుల్ చుట్టూ తిరగండి." ఆసామి నవ్వలేదు. మూడుసార్లు తిరిగారు, నేను లెక్కపెట్టాను.

నైన్ ఎల్మ్స్‌లో ఉంది అమెరికా ఎంబసీ. 2018లో గ్రోవనర్ స్క్వేర్ నుంచి ఇక్కడికి మారింది. గాజు పెట్టెలాంటి పెద్ద భవనం, ఒకవైపు చెరువు. పది వేళ్ల ముద్రలు తీసుకున్నాక కిటికీ దగ్గర నన్ను అద్దం కింద నుంచి లోపలికి తోశారు. అధికారి పుటలు తిరగేశారు. హవానా ముద్ర దగ్గర ఆగారు.

"క్యూబా ఎందుకు?"

"సెలవుకి. మిత్రులతో."

"ఇప్పుడు అమెరికా ఎందుకు?"

"మేనకోడలి పెళ్లి. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామే మోసుకురావాలి."

"బుట్టలోనా?" అధికారి తలెత్తారు. ఆసామి రెండు చేతులూ చాపి బుట్ట ఎంతుంటుందో చూపించారు. "పిల్ల బరువెంత?" "అది అడగలేదండీ, భయమేసి." వెనక క్యూలో ఎవరో నవ్వారు. ఉద్యోగం, ఇల్లు, తిరిగొచ్చే తేదీ గురించి ఇంకో రెండు ప్రశ్నలు. అంతే, నన్ను లోపలే ఉంచేసుకున్నారు. ఇవ్వనప్పుడు పుస్తకం చేతిలో పెట్టి పంపిస్తారని పెద్దాయన ముందే చెప్పారు కాబట్టి ఆసామి కంటే ముందు నాకే తెలిసిపోయింది.

కొరియర్లో ఇంటికి తిరిగొచ్చేసరికి నాలో ఒక పుటంతా అతికించిన వీసా. పదేళ్లది, ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు. ఎస్టా అయితే రెండేళ్లకే. కాదనిపించుకున్న వాడికి దొరికిందే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇది నేను కనిపెట్టిన నీతి కాదు, వాళ్ల లెక్క.

ఆగస్టులో పెళ్లి జరిగింది. బుట్ట లేచింది. నేను చూడలేదు, పట్టుపంచెకి జేబుండదు కాబట్టి సూట్‌కేసు జిప్పులో ఉన్నాను. తర్వాత ఆసామి నడుం పట్టుకుని మందు రాయించుకోవడం మాత్రం విన్నాను.

మీరూ వీసా అక్కర్లేని పుస్తకం సంపాదించుకుని ఉంటే నా మాట ఒకటి వినండి. సెలవుకి టిక్కెట్టు కొనేముందు, తర్వాత వెళ్లబోయే దేశం ఆ ఊరిని ఏ జాబితాలో పెట్టిందో చూసుకోండి. ఎస్టా కాదన్నంత మాత్రాన వీసా కాదన్నట్టు కాదు. ముహూర్తానికి నెలల ముందే మొదలుపెట్టండి, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నా గడువు 2031లో తీరుతుంది. నా మూలా కత్తిరిస్తారు. కానీ వీసా గడువు 2035. అప్పటిదాకా ఆసామి అమెరికా వెళ్లినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టుతో పాటు నన్నూ పట్టుకెళ్లాలి. ఈ సంగతి పెద్దాయనకి చెప్పాను. "అయితే కొత్తవాడు వచ్చాక మిడిసిపడకు," అన్నారు.