ఒంటికేసోడు

మల్యాలలో నాకు తమ్ముడి వరుసయ్యే పిలగాడొకడున్నాడు. డిగ్రీ అయింది, ఎత్తు సరిపోయింది, కానిస్టేబుల్ పరుగు పందెంలో గట్టెక్కాడు. అడ్డం తగిలిందల్లా ఒక గణేశ్ నిమజ్జనం. డీజే ముందు మొదట ఎవరు ఆడాలన్న మహత్తర విషయం మీద రెండు గల్లీలు కలబడ్డాయి. ఐపీసీ 323, 506 కింద కేసైంది. స్టేషన్ బెయిల్ మీద అదే రాత్రి ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. కొన్నాళ్లకు జగిత్యాల లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. కొట్టినోడు, దెబ్బలు తిన్నోడు ఒకే బండి మీద వాపసొచ్చి చౌరస్తాలో చాయ్ తాగారు. ఇలా రాజీ పడితే చట్టం లెక్కలో నిర్దోషిగా విడుదలైనట్టే. కానీ సర్కారు కొలువుకు నింపే అటెస్టేషన్ ఫారం చట్టం చదువుకోలేదు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, బైండోవర్ అయ్యారా అని అడుగుతుంది. తర్వాత ఏమైందన్నది దానికి రెండో ముచ్చట.

ఉన్నది ఉన్నట్టు రాస్తే ఉద్యోగం అనుమానం. దాచితే, దాచినందుకు పోతుంది. చిన్నతనంలో నినాదాలు చేయడంలాంటి చిల్లర కేసులను దాచినా చూసీచూడనట్టు వదిలేయవచ్చని సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది. వదిలేయవచ్చు అంది గానీ వదిలేయాలి అనలేదు. ఆ సందులోనే మన ఆఫీసుల్లో ఫైళ్లు హాయిగా కాపురం చేస్తాయి.

కేసు తెగకముందు దుబాయి పోదామనీ చూశాడు. మల్యాల, కోరుట్ల దిక్కు పిలగాడికి అది రెండో ఆలోచన కాదు, మొదటిదే. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు ఇవ్వకపోవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు. అయితే ఎన్నాళ్లకో కోర్టు చెప్పకపోతే 1993 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఒక్క ఏడాదికే. వీసా రెండేళ్లకు, పాస్‌పోర్టు ఏడాదికి. ఏజెంట్ నవ్వాడు, పైసలు మాత్రం వాపసివ్వలేదు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. పాత కేసులున్నోళ్లను పిలిచి తహసీల్దార్ ముందు బైండోవర్ చేయడం మన దగ్గర బోనాలంత క్రమం తప్పని వేడుక. మనోణ్నీ పిలిచారు. ఇద్దరు జామీనుదార్లతో, శాంతిభద్రతలకు భంగం కలిగించనని బాండు రాసిచ్చాడు. అదే వారం ఊరికి ప్రచారానికొచ్చిన నాయకుడి మీద మనోడి కంటే ఎక్కువ కేసులున్నాయి. ఆయన్ను ఎవరూ తహసీల్దార్ దగ్గరికి పిలవలేదు. వెంట గన్‌మెన్లను పంపారు. ఇక బైండోవర్ అయినందుకు మనోడి ఫారంలో ఇంకో గడిలో ‘అవును’ పడింది.

సిరిసిల్ల పోయి సాంచాల (మరమగ్గాల) మీద పని అడిగాడు. అక్కడ కేసులు అడగరు, నిజమే. ఆర్డర్లు లేక సాంచాలే ఖాళీగా ఉంటే మనిషిని ఏం చేసుకుంటారు? చివరికి నేనే ఒక మంచిమాట చెప్పాననుకున్నాను: తెలంగాణ జైళ్లశాఖ పెట్రోల్ బంకులు నడుపుతుంది, విడుదలైన ఖైదీలకు అక్కడ పనిస్తుంది, పోయి అడుగు అన్నాను. దేశంలో మెచ్చుకోదగ్గ పనుల్లో అదొకటి, ఇందులో వెటకారం లేదు. కానీ దానికి జైలుకు పోయిన అనుభవం ఉండాలి. మనోడిది ఒక్క సాయంత్రపు స్టేషన్ చదువు. సర్కారు కొలువుకు నేరం ఎక్కువైంది, జైలు బంకుకు తక్కువైంది. సంగారెడ్డి పాత జైలు మ్యూజియంలో 500 రూపాయలు కడితే ఒకరోజు ఖైదీగా ఉండనిచ్చేవారు, 2016లో మొదలైంది. ఆ రసీదు పనికొస్తుందా అని అడిగాడు పాపం.

ఇక అవతలి దిక్కు చూస్తే, 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో గెలిచిన 119 మందిలో 82 మంది తమ మీద కేసులున్నాయని అఫిడవిట్లలో రాసుకున్నారు. అభ్యర్థుల అఫిడవిట్లను పరిశీలించే ఏడీఆర్ సంస్థ లెక్క ఇది. 2018లో ఈ సంఖ్య 73. కేసున్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, ఉద్యమం కేసులూ ఉంటాయి, కక్షతో పెట్టినవీ ఉంటాయి. ఒప్పుకుంటాను. ఆ ఔదార్యమంతా అసెంబ్లీ గేటు దాకానే ఎందుకొచ్చి ఆగిపోతుందో, మల్యాల బస్సు ఎందుకు ఎక్కదో అంతుపట్టదు.

కేసులున్న అభ్యర్థినే ఎందుకు ఎంచుకున్నారో, కేసుల్లేనోళ్లు ఎందుకు పనికిరారో పార్టీలు పేపర్లో ప్రకటించాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. గెలుస్తాడన్న ఒక్క కారణం చాలదనీ అంది. పార్టీలు బుద్ధిగా ప్రకటిస్తున్నాయి: ప్రజాసేవ, మంచి పేరు, కార్యకర్తల కోరిక. ఈ ప్రకటన మాదిరి తెచ్చి మనోడి దరఖాస్తుకు జతచేద్దామన్నాను. వినలేదు.

అందుకని దారి మార్చాను. ఎమ్మెల్యేకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి, ఓటు ఉండాలి, జనరల్ సీటుకు 10,000 రూపాయల డిపాజిట్. పోలీస్ వెరిఫికేషన్ అక్కర్లేదు. కేసుల కోసం ఫారం 26లో విశాలమైన జాగా, ఎన్నున్నా సరిపోతుంది. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితేనే సాధారణంగా అనర్హత. నీకు పడ్డది శిక్ష కాదు, రాజీ. వయసుంది, మాటుంది, డీజే ముందు జనాన్ని పోగుచేసిన అనుభవముంది. నామినేషన్ వెయ్యి తమ్మీ అన్నాను.

చాలాసేపు ఆలోచించి గొంతు తగ్గించి అడిగాడు:

‘‘ఒక్క కేసుకే టికెట్ ఇస్తరా అన్నా?’’